బోణీ బేరంలో వచ్చిన స్కూటర్

పోయిన వేసవిలో మా తమ్ముడి కూతురు పది రోజులుండి పోదామని కర్నూలుకు మా ఇంటికొచ్చింది. వచ్చిన సాయంత్రమే సెల్‌ఫోన్ నా ముందు పెట్టి, "అత్తా, నువ్వు చిన్నప్పుడు స్టంట్ స్కూటర్ నడిపేదానివంట గదా. కొత్తగా నేర్చుకునేటోళ్ళకు వీటిల్లో ఏది మంచిదో చెప్పు" అంది. పెట్రోలు పోసే స్కూటర్ కాదు. నిలబడడానికి ఒక పలక, పట్టుకోవడానికి ఒక కడ్డీ, కింద అరచేతిలో ఇమిడే రెండు చక్రాలు. ఒంటికాలితో నేలను తన్నుకుంటూ పోవాలి, పోతూ పోతూ అరుగుల మీంచి దూకాలి. ఫోన్‌లో అలాంటివి వేలితో ఎంత తోసినా ఇంకా వస్తూనే ఉన్నాయి. నేను కళ్ళజోడు పెట్టుకుని, ఎండుమిరపకాయల శాంపిల్ చూసినట్టు చూసి, "మడిచేది వద్దు. కడ్డీ నీ నడుము దాటి పైకి రాకూడదు. చక్రం నడిమధ్యన లోహముండాల, ప్లాస్టిక్ కాదు. మిగిలిందంతా రంగు" అన్నాను. పిల్ల నా వైపు కొత్తగా చూసింది. ఆ నాలుగు ముక్కలు నేర్చుకోవడానికి ఒక వేసవి, నా గడ్డం కింద కొన్ని కుట్లు, మా తాత వ్యాపార మర్యాదలో కొంత భాగం ఖర్చయ్యాయని చెప్పలేదు. జ్ఞాపకాలు రాసే వయసు నీకింకా రాలేదు కదా అని మా ఆయన అంటున్నాడు. సరుకు పాతబడేదాకా దాచి అమ్మడం మా ఇంటి పద్ధతి కాదు.

అప్పుడు మేం ప్రొద్దుటూరులో ఉండేవాళ్ళం. బజారులో కింద అంగడి, పైన ఇల్లు. తాతది కిరాణా టోకు వ్యాపారం. కింద అంగట్లో ఆ నెల ఏ సరుకు ఎక్కువ దిగితే పైన మా బట్టలన్నీ ఆ వాసనే వేసేవి. చింతపండు రోజుల్లో పులుపు, మిరపకాయల రోజుల్లో ఘాటు. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల నేను రాగానే తుమ్మేది. ఆ తుమ్మును బట్టి గుంటూరు లారీ వచ్చిందో లేదో మా టీచరు కూడా చెప్పగలిగేది. బెల్లం రోజుల్లో మాత్రం నాకు స్నేహితులెక్కువ. పొద్దున్నే తాత చన్నీళ్ళ స్నానం చేసి, అరుగు మీద నీళ్ళు చల్లించి, సాంబ్రాణి పొగ గల్లాపెట్టెకూ తక్కెడకూ పట్టి, తువాలు భుజాన వేసుకుని బోణీ కోసం కూర్చునేవాడు. బోణీ చేయడానికి వచ్చిన మనిషి వట్టి చేతులతో పోకూడదు. పోతే ఆ దినమంతా గల్లాపెట్టె గలగలమనదు. అందుకని ఆ వేళలో తాత బేరంలో నాలుగు మెట్లు దిగేవాడు, మామూలుగా ఒక్క మెట్టు దిగడానికి మోకాళ్ళు నొప్పులనే మనిషి. అయితే ఈ కట్టుబాటు కొనేవాడికి కూడా ఉంది. బోణీ వేళ నువ్వడిగిన ధరకు అంగడాయన ఒప్పుకున్నాక కొనకుండా మెట్లు దిగావంటే, ఆయన దినం చెడగొట్టినవాడివి నువ్వు. అలా చెడగొట్టినవాళ్ళ పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లతో సహా, తాతకు నోటికొచ్చు.

మా ఇంట్లో ఇంకో నియమం ఉండేది. ఎవరూ చెప్పింది కాదు, అందరికీ తెలిసింది. కావాల్సిన వస్తువును బాగుందని అనకూడదు. బాగుందన్న మరుక్షణం దాని ధర పెరుగుతుంది. అవ్వ అంగడి ముందుకొచ్చే కూరగాయలామెతో రోజూ వంకాయల్లో పుచ్చుల గురించే మాట్లాడేది, రోజూ అవే కొనేది. మా అమ్మ పెళ్ళిచూపులకు తాత జమ్మలమడుగు పోయి, గోడకు చెమ్మ ఎక్కిందని, ఉప్మాలో ఉప్పు తగ్గిందని చెప్పి లేచి వచ్చేశాడట. సంబంధం తప్పిపోయిందని వాళ్ళంతా దిగులుపడి కూర్చుంటే, వారం తిరక్కుండా ముహూర్తం పెట్టించుకుని మళ్ళీ పోయాడు. అమ్మ ఇంటికొచ్చాక కూడా ఆమె వంట బాగుందని ఎవరూ అనలేదు. అన్నం తక్కువ మిగిలితే బాగుందని ఆమే అర్థం చేసుకునేది.

స్కూటర్ మా వీధిలోకి వచ్చింది మా పెద్దనాన్న కొడుకు కిరణన్నతో. వాళ్ళు బెంగుళూరులో ఉండేవాళ్ళు. ఆ యేడు ఎండాకాలం సెలవుల్లో అన్నను మా దగ్గర వదిలిపోయారు, అన్నతో పాటు ఒక నల్లటి స్కూటర్ దిగింది. భోజనాలయ్యాక మా బజారు నాలుగింటిదాకా నిద్రపోయేది. సగం దించిన షట్టర్ల వెనక శెట్లందరూ గోనెసంచుల మీద పడుకునేవాళ్ళు. అప్పుడు అరుగులన్నీ మావే. అన్నీ కడప బండలు. మూటలు లాగీ లాగీ, మనుషులు కూర్చునీ కూర్చునీ అద్దంలా నునుపెక్కినవి. బెంగుళూరులో ఇలాంటి బండలు పరిచిన చోటికి పిల్లలు డబ్బు కట్టి పోతారని అన్న చెప్తే, అవ్వ చాలాసేపు ఆలోచించి, "అయితే మనం కూడా వసూలు చేద్దామా?" అని అడిగింది. మా అరుగుకూ పక్క బట్టలంగడి అరుగుకూ మధ్య మురుగు పారే మోరీ ఉండేది, ఒక గోనెసంచి అడ్డంగా పరిస్తే కప్పుకుపోయేంత వెడల్పు. అన్న మా గడప దగ్గర నుంచి నాలుగు తన్నులు తన్ని, స్కూటర్‌తో సహా గాల్లోకి లేచి, బట్టలంగడి అరుగు మీద దిగేవాడు. లోపల నిద్రపోతున్న శెట్టి ఒకసారి దగ్గి మళ్ళీ పడుకునేవాడు.

అన్న నిద్రపోయినప్పుడు, స్నానానికి పోయినప్పుడు, కోపం వచ్చి అన్నం తిననని పడుకున్నప్పుడు స్కూటర్ నాది. ముందు తన్నడం నేర్చుకున్నాను. తర్వాత ఎగరడం. చేతులతో కడ్డీని పైకి లాగుతూ, అదే క్షణంలో కాళ్ళు ముడవాలి. రెండూ కలిస్తే స్కూటర్ నీ వెంట వస్తుంది, కలవకపోతే నువ్వొక్కదానివే పోతావు. ఇటుక ఎత్తుకు ఎగిరాను. రెండిటుకల ఎత్తుకు ఎగిరాను. రేపు మోరీ దాటుతానని అనుకున్న రోజున పెద్దనాన్న కారు వేసుకొచ్చి అన్నను తీసుకుపోయాడు. కారు కిటికీలోంచి తల బయటపెట్టి, "దసరాకొస్తా, అప్పుడు చూస్తా" అన్నాడు అన్న. అప్పటిదాకా నాకు బాగా వచ్చిన పని ఒక్కటే, సరుకు తూకం వెయ్యడం. అది మా ఇంట్లో నడక లాంటిది, వచ్చిందని ఎవరూ గమనించరు. ఇది మాత్రం మా బజారు మొత్తంలో నాకు తప్ప ఎవరికీ రాదు. స్కూటర్ లేకపోతే పదిహేను రోజుల్లో నాకూ రాకుండా పోతుందని తెలుసు. మోరీ అక్కడే పారుతోంది.

మూడో వీధిలో ఖాదర్ తాత బొమ్మల అంగడి ఉండేది. ఆయన మద్రాసు పోయినప్పుడల్లా మా ఊళ్ళో ఎవరూ అడగని సరుకు ఏదో ఒకటి తెచ్చేవాడు. ఆ యేడు తెచ్చినవి రెండు స్కూటర్లు, పైకొక్కేలకు తాళ్ళతో వేలాడుతూ ఉండేవి. ఒకటి ఎర్రది. దానికి గంట, తిరిగేటప్పుడు వెలిగే చక్రాలు, మూడు ఎత్తుల్లో పొడుగు చేసుకునే కడ్డీ, మడిచి భుజాన వేసుకోవడానికి పట్టీ ఉండేవి. రెండోది బూడిదరంగుది. దానికి ఏమీ లేవు. కడ్డీ ఒకే ముక్క, పైన అడ్డకడ్డీతో కలిపి అతికేసిందే. మడవదు, పొడుగవదు, మోగదు. పలక మాత్రం రెండు పాదాలు హాయిగా పట్టేంత వెడల్పు. వెనక చక్రం మీద చిన్న రేకు, తొక్కితే బ్రేకు. అన్న స్కూటర్‌కు అది తోబుట్టువని చూడగానే తెలిసిపోయింది. నేను అంగడి బయట నిలబడి బెలూన్లను చూస్తున్నట్టు దాన్ని చూసి ఇంటికొచ్చాను.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు తాతకు చెప్పాను.

"యాడుండాది ఆ బండి?"

"ఖాదర్ తాత అంగట్లో ఏలాడతాంది."

"ఒకటే ఉండాదా, రెండుండాయా?"

"రెండు. నాకు కావాల్సింది బూడిదరంగుది."

"అయితే ఎర్రది అడగల్ల" అన్నాడు తాత, మజ్జిగ పోసుకుంటూ.

అవ్వ అంతా విని, "ఆడపిల్లకు బండేందబ్బా, కాళ్ళు ల్యావా దానికి?" అంది. కాళ్ళతోనే తన్నాలవ్వా అన్నాను. అయితే బండెందుకంది. ఆ వాదం అంతటితో ఆగిపోయింది, ఎవరూ గెలవలేదు.

తాత పథకం చెప్పాడు. "పొద్దున అంగడి తెరిచే టైముకు పోదాం, బోణీకి. నువ్వు బూడిదదాని దిక్కు చూడొద్దు. ఎర్రదాన్ని అడుగుతాం, ఖాదరు ఒక రేటు చెప్తాడు. నేను మరీ కిందికి అడుగుతా. వాడు ఇయ్యడు. అప్పుడు, పోనీలేప్పా, పిల్ల ఏడుస్తాంది, ఆ పనికిమాలిందన్నా ఇయ్యి అంటా. బోణీ చేసేటోన్ని వాడు రెండుసార్లు కాదనలేడు గదా." నాకు ఆ పథకం ఎంత నచ్చిందంటే, స్కూటర్ సంగతి కాసేపు మరిచిపోయాను.

మర్నాడు మేం పోయేసరికి ఖాదర్ తాత ఊదుబత్తి వెలిగించి గల్లాపెట్టె ముందు పెడుతున్నాడు. ఆయనా తాతా చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళు. ఎరిగిన నాటి నుంచి ఒకరి అంగట్లో ఒకరు కొనడం తప్పించుకుంటూ వచ్చినవాళ్ళు.

"రా శెట్టీ. ఏం పొద్దున్నే?"

"ఏం ల్యాప్పా. ఈ పక్క పనుండి వచ్చింటి."

మూడో వీధిలో తాతకు ఏ పనీ లేదని ముగ్గురికీ తెలుసు. నేను ఎర్రదాన్ని చూపించి ఎంత అని అడిగాను. ఆయన దింపి చక్రం తిప్పితే అది దీపావళిలా వెలిగింది. తాత గోటితో తట్టాడు. తాత ఏ వస్తువునైనా గోటితో తట్టి చెవి పెడతాడు, అది కుండ అయినా గుమ్మడికాయ అయినా. ఎర్రది గలగలమంది. తర్వాత పైకి చూసి, "అదేంది, ఆ బూడిదది? లారీలోంచి గాని పడిందా?" అన్నాడు.

"ల్యా శెట్టీ. అదంతే."

"గంట ల్యా, లైటు ల్యా, మడవను కూడా రాదు. దాన్నెవరు కొంటారప్పా?"

"ఎవరు కొంటారు. అందుకే ఏలాడతాంది."

అంతా అనుకున్నట్టే నడుస్తోంది. తాత ఎర్రదాని ధర అడిగి, విని, నవ్వకుండా, దగ్గకుండా తన ధర చెప్పాడు. అది ధర కాదు. ఆ ధరకు దాని గంట కూడా రాదు. ఖాదర్ తాత ఊదుబత్తి వైపు చూశాడు, నా వైపు చూశాడు, పైన వేలాడుతున్న బూడిదదాని వైపు ఒక్కసారి చూసి, "తీసుకపో" అన్నాడు.

"ఏందీ?"

"తీసుకపో శెట్టీ. నీ చేత్తో బోణీ అయితే నాకంతకంటే ఏం కావాల."

తాత ఏ అంగట్లోనైనా అలా నిలబడిపోవడం నేనెన్నడూ చూడలేదు. తిరిగి రావచ్చు, మూడే మెట్లు. ఆ మెట్లు దిగితే రేపటి నుంచి ఖాదర్ తాతకు కంఠతా వచ్చే పేర్ల వరసలో, తండ్రి పేరుతో సహా, మా తాత పేరుంటుంది. ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. ఖాదర్ తాత ఆ డబ్బులు కళ్ళకద్దుకుని, ఎర్రదాన్ని దారంతో తానే స్వయంగా కట్టి నా చేతికిచ్చాడు. పాత సరుకు వదిలించుకున్న శెట్టి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు, మా ఇంట్లో చూశాను. తాతతో అంత అగ్గువ ధరకు కొని నేను ఏడుస్తూ ఇంటికొచ్చింది ఆ ఒక్కసారే.

ఇంటికొచ్చేసరికి తాత తేరుకున్నాడు. అవ్వ ముందు ఎర్రదాన్ని పెట్టి గుణాలు చెప్పడం మొదలుపెట్టాడు. "మడిస్తే సంచిలో పడతాది. కడ్డీ పొడుగైతాది, పాప పెరిగినా పనికొస్తాది. గంట వేరే." తాత నన్ను ఓదార్చడానికి చెప్తున్నాడనుకున్నాను. కాదు, ఆయన నిజంగానే నమ్మాడు. ఒకే ధరకు ఎన్ని ఎక్కువ వస్తే అంత మంచి సరుకు, ఇది మా వంశంలో ఎవరూ ప్రశ్నించని లెక్క. మా ఇంట్లో నా గౌను కొలత నాది కాదు, రెండేళ్ళ తర్వాతి నాది. చెప్పులు కూడా అంతే. స్కూటర్ కడ్డీని కూడా అదే లెక్కన పైఎత్తుకు బిగించారు. అది నా ఛాతీ దాకా వచ్చింది. దాన్ని పట్టుకుని ఎగరాలంటే చేతులు పైకి పోవు, పోవడానికి చోటు లేదు.

అయినా నేను ఎగిరాను. మధ్యాహ్నం బజారు నిద్రపోయాక గడప దగ్గర నుంచి నాలుగు తన్నులు తన్నాను. ప్రతి అతుకూ ఒక్కో మాట మాట్లాడుతోంది, చక్రాలు వెలుగుతున్నాయి. మోరీ దాకా వచ్చి కడ్డీని లాగాను. ముందు చక్రం బట్టలంగడి అరుగుకు తగిలింది. అప్పుడు స్కూటర్ తన పని తాను చేసింది. మడవడానికి చేసిన వస్తువు, మడుచుకుంది. నేను గడ్డంతో కడప బండ మీద దిగాను. బట్టలంగడి శెట్టి దగ్గి, ఈసారి లేచి వచ్చాడు.

డాక్టరు కుట్లు వేస్తుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆయన ఎన్ని కుట్లు పడతాయో చెప్పగానే, అలవాటు కొద్దీ, "ఒకటి తగ్గిస్తే కాదా సామీ?" అంది.

నాలుగు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం తాత నిద్రపోకుండా అంగట్లో గోనెపట్టా పరిచి, తక్కెడ బిగించే రెంచితో ఎర్రదాన్ని ముక్కలు ముక్కలుగా విప్పుతున్నాడు. నేను గడ్డానికి పట్టీతో పక్కన కూర్చున్నాను.

"పాపా, దీనికెన్ని కీళ్ళుండాయో చూడు" అన్నాడు. "ఇన్ని కీళ్ళుంటే తక్కెడ కూడా నిలబడదు. ఆ బూడిదదానికి ఎన్నుండాయి?"

"ల్యావు తాతా. కడ్డీ అంతా ఒకటే ముక్క. దూకినప్పుడు అది మడుచుకోకుంటేనే గదా మనం నిలబడేది."

"గంట?"

"ఎందుకు తాతా, బరువు. ఎగిరేటప్పుడు మనమే మోయాల."

"ఎత్తు?"

"నా నడుముకు సరిగ్గా ఉండాది."

తాత ఒక మరను రెండు వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "అంటే, ఏమీ లేకపోవడమే దాని గుణం" అన్నాడు. "శానా తెలివైన సరుకు. ఇంత మంచిదని ముందే చెప్పకపోతివే?"

"బాగుందని అనకూడదు గదా."

"అంగట్లో అనకూడదు. ఇంట్లో అనొచ్చు."

"ఇంట్లో ఎవరన్నా అన్నారా తాతా, ఎప్పుడన్నా?"

తాత ఆ మరను గోనెపట్టా మీద పెట్టి ఇంకోటి విప్పడం మొదలుపెట్టాడు. లోపల అమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఒక క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

కుట్లు విప్పిన సాయంత్రం తాత నన్ను పిలిచి, ఊరికే బజారుకు పోతాండామని అవ్వకు చెప్పాడు. ఇల్లు బజారులోనే ఉన్నప్పుడు అది పెద్ద సాకేం కాదు, అవ్వ ఒప్పుకుంది. దారిలో నేను, "ఈసారి నేను మాట్లాడతా తాతా" అన్నాను. ఆయన తువాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. మా ఇంట్లో అది సమ్మతి.

ఖాదర్ తాత నా గడ్డం చూసి లేచాడు. "ఏమాయ బేటీ?"

"బండి మడుచుకునె."

ఆయన కొక్కెం వైపు చూశాడు. బూడిదది ఇంకా వేలాడుతోంది. నేను దాని కిందికి పోయి నిలబడి, తల ఎత్తి నిండుగా చూశాను.

"ఖాదర్ తాతా, నాకు ఇది కావాల. శానా బాగుండాది. మొదటి దినం కూడా నేను దీనికోసమే వచ్చింటి."

అంగట్లో ఎవరైనా చచ్చిపోయిన వార్త వచ్చినట్టయింది. ఖాదర్ తాత నా వైపు కాకుండా తాత వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఏం శెట్టీ, ఇంట్లో అందరూ బాగుండారు గదా?" అని అడిగాడు.

"బాగుండారు."

"వ్యాపారం?"

"నడుస్తాంది."

ఆయన ఎదురు హోటలుకు కేకేసి టీ చెప్పాడు. టీ వచ్చాక ఇబ్బందిగా కదిలి, "దీన్ని మొన్న రాయచోటి కాంట్రాక్టరొకాయన చూసిపోయినాడు, కొడుక్కని" అన్నాడు.

"కొంటానన్నాడా?" అన్నాడు తాత.

"ఇదేం బండప్పా, ఎవడు కొంటాడని పోయినాడు."

తాత మొహం వాడిపోయింది. "అయితే వస్తాడు."

"ఆదివారం వస్తాడు" అన్నాడు ఖాదర్ తాత. ఇద్దరూ టీ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు.

నాకు ఏడుపొచ్చింది. అది రాకముందే మాట వచ్చింది, అంగట్లో పెరిగినందుకు ఆ మాత్రం లాభం ఉంది. "బాగలేదని నోటితో చెప్పినాయనకు అదే అంటగట్టేది తప్పు గదా ఖాదర్ తాతా? రేపు మీ పేరు చెడదా?"

ఖాదర్ తాత నన్ను కాసేపు చూసి, "ఇది మీ అంగట్లో సరుకే శెట్టీ, అనుమానం ల్యా" అన్నాడు. స్టూలెక్కి బూడిదదాన్ని దింపాడు. దింపి నా ముందు నిలబెట్టి, పైన దుమ్ము తుడిచాడు గానీ ధర చెప్పలేదు. తాత అడిగాడు. ఆయన తల గోక్కున్నాడు. "నేను చెప్తే నువ్వు కోస్తావు, కోస్తావని నేను పెంచి చెప్తా. ఇన్నేండ్లూ ఏ బేరమైనా అంతే గదా. కొయ్యకుండా తీసుకునేటోళ్ళకు దీని రేటెంతో నేనెప్పుడూ అనుకోల్యా. పాపే చెప్పనీ. ఉండేది ఉన్నట్టు చెప్తాంది గదా."

నాకు అంతకు మించిన కష్టం ఇంతవరకు రాలేదు. తాత వైపు చూస్తే ఆయన ఫ్యాన్ రెక్కల్ని చూస్తున్నాడు. తక్కువ చెప్తే ఉన్నదున్నట్టు చెప్పిన మాట పోతుంది. ఎక్కువ చెప్తే నేను మా ఇంటి పిల్లనే కాను. ఆఖరికి ఒక మాట చెప్పాను. నోట్లోంచి అది పూర్తిగా బయటికి రాకముందే ఖాదర్ తాత "సరే" అన్నాడు. ఆ "సరే"లో ఉన్న వేగాన్ని బట్టి ఎక్కువ చెప్పానని అర్థమైంది. ఎంత చెప్పి ఉంటే ఆయన ఒక్క క్షణం ఆగి, కొంచెం గొణిగి ఒప్పుకునేవాడో ఇప్పటికీ లెక్క వేసుకుంటూ ఉంటాను.

తాత చెల్లించాడు. వీధి మలుపు తిరిగాక ఆగి, బూడిదదాన్ని గోటితో తట్టి చెవి పెట్టాడు. అది ఒక్కటే మాట పలికింది, గట్టిగా. "ఇంగొంచెం కిందికి చెప్పిండాల్సింది" అన్నాడు, అంతే. ఎర్రదాన్ని మళ్ళీ బిగించి మా నాయనకు ఇచ్చారు. గోదాములో బెల్లం దిమ్మెలు దాని మీద పెట్టి లాగేవాడు. చీకటి గోదాములో దాని చక్రాలు వెలిగేవి, లైటు బిల్లు కొంత తగ్గిందని అవ్వ సంతోషించింది.

ఇప్పుడు ఫోన్‌లో ప్రతి వస్తువు కిందా ముక్కూ మొహం తెలియని జనం బాగుంది, చాలా బాగుంది, అద్భుతంగా ఉంది అని రాసిపెడుతున్నారు. అందరూ అన్నాక ఆ మాటకు ఏం ధర ఉంటుందో నాకు తెలియదు. ధర కూడా మనం చూడకముందే కొట్టివేసి పక్కన తగ్గించి ఉంటుంది, మన తరఫున ఎవరో బేరమాడి వెళ్ళిపోయినట్టు. బోణీ లేదు, యంత్రానికి ఏ పొద్దయినా ఒకటే. నచ్చకపోతే తిప్పి పంపొచ్చు, ఎవరి దినమూ చెడదు. అది సుఖమే, కాదనను. ఆ రోజుల్లో ఎర్రదాన్ని తిప్పి పంపగలిగి ఉంటే నా గడ్డం నునుపుగా ఉండేది. కాకపోతే ఇంకో మనిషి మొహం చూసి, నాకిది కావాలి, ఇది బాగుంది అని చెప్పాల్సిన అవసరం నాకు వచ్చేది కాదు. ఆ ఒక్క విద్య తర్వాత బాగా అక్కరకొచ్చింది. నా పెళ్ళిచూపుల్లో అబ్బాయి బాగున్నాడని ముందు నేనే అన్నాను. పిల్లలో ఏం లోపముందోనని అబ్బాయి తరఫు కర్నూలువాళ్ళు వారం రోజులు ఆరా తీశారు.

కిరణన్న ఆ దసరాకు రాలేదు. వచ్చినా నాకు పెద్ద విషయం కాదు, అప్పటికే అయిపోయింది. బూడిదది ఇంటికొచ్చిన తర్వాత కొన్నాళ్ళు ఇటుకల మీద ఎగిరాను. మోరీ దగ్గరికి పోవాలంటే గడ్డం గుర్తొచ్చేది. బడి తెరిచే ముందు ఒక సాయంత్రం, బజారు నిద్ర లేచి షట్టర్లు ఎత్తుతున్నప్పుడు, ఇంకా ఆలోచిస్తే పోలేనని తెలిసి గడప దగ్గర నుంచి తన్నాను. అతుకులేవీ మాట్లాడలేదు, బండ మీద చక్రాల చప్పుడొక్కటే. కడ్డీ లాగాను, కాళ్ళు ముడిచాను. కింద మోరీ నల్లగా కనిపించి వెనక్కి పోయింది. బట్టలంగడి అరుగు వచ్చి పాదాల కింద గట్టిగా నిలబడింది.

మా అంగట్లో తాత ఒక పల్లెటూరి ఆయనకు చింతపండు తూస్తున్నాడు. ఆ పల్లెటూరాయన నన్ను చూశాడు.

"ఏం శెట్టీ, ఆ పిల్ల మీ మనవరాలా? మోరీ ఎగిరి దాటె, చూస్తివా?"

"చూస్తి."

"బాగా దుంకె."

"ఏం బాగు లేప్పా" అన్నాడు తాత, తక్కెడ ముల్లు నుంచి కళ్ళు తియ్యకుండా. "ఎనక చక్రం అంచుకు తగిలె. కాళ్ళు ఇంగొంచెం పైకి ముడవాల."

నిజమే, తగిలింది. నాకు తప్ప ఎవరికీ తెలిసి ఉండదనుకున్నాను. స్కూటర్ ఎత్తుకుని మళ్ళీ మా గడప దగ్గరికి పోయాను. ఈసారి కాళ్ళు ఇంకొంచెం పైకి ముడిచాను.